రాజలింగు పికప్పు, ఎర్ర స్విచ్చు

మోస్రా ఊరి రాజలింగుకు లోకంలో చేతకాని పని ఒక్కటే: రెండింటిలో ఒకటి ఎంచుకోవడం. చెప్పులు కొనవలసివస్తే రెండు దుకాణాల నుంచి చెరొక జత తెచ్చి, ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఒకటి తొడిగి, నెల్లాళ్లు నడిచి చూసిన మహానుభావుడు. గొడుగు సంగతి తేలేసరికి వానకాలమే వెళ్లిపోయింది. పెళ్లిచూపులకైతే ఒకే ఇంటికి మూడుమార్లు వెళ్లినాడు. మూడవమారు చాయ్ గ్లాసు చేతికిస్తూ పెళ్లికూతురు రుక్మాబాయే, "ఇగ నేనే ఒప్పుకున్న, పో!" అని తేల్చివేసింది. ఆనాటి నుంచి ఆ ఇంట నిర్ణయాలన్నీ ఆమెవే, ఒక్క పికప్ బండి సంగతి తప్ప.

ఆ బండిలోనే రుక్మాబాయి పండించిన బీరకాయలు, వంకాయలు పొద్దెక్కకముందే బోధన్ మార్కెట్టుకు చేరవలెను. దారిలో కాలువ గట్టు కింద ఒక బురద మడుగు. వాన పడితే చాలు, వెనుక చక్రాలలో ఒకటి అందులో దిగి గిరగిర తిరిగేది. గట్టినేల మీది రెండవ చక్రం మాత్రం, తోడికోడలు చాకిరీ చేస్తుంటే గడపలో నిలబడిన చిన్నకోడలివలె, ఊరికే చూస్తుండేది.

దీనికి మందు నిజామాబాదు మెకానిక్ ముత్యం చెప్పినాడు.

"ఎనక ఇరుసుల ఏసే సామాన్లు రెండు రకాలున్నయ్ రాజలింగన్నా. ఒకటి లాకర్. స్విచ్చు నొక్కితే రెండు చక్రాలు కాడికి కట్టిన ఎడ్ల లెక్క కలిసి తిరుగుతయి, నొక్కకుంటే మామూలే. రెండోది లిమిటెడ్ స్లిప్. దానికి స్విచ్చు లేదు, గిచ్చు లేదు. చక్రం జారంగనే అదే సూసుకుంటది."

"రెండు" అని వినగానే రాజలింగు ముఖం వెలిగింది. రుక్మాబాయి ముఖం ఆరిపోయింది.

రెండు వానకాలాలు గడిచినవి. వర్ని చౌరస్తాలోనైనా, బారసాలలోనైనా, దినకర్మ విస్తరి ముందైనా అతని ప్రశ్న ఒక్కటే. నడుము నొప్పికి సూది వేయబోయిన డాక్టరును సైతం, "సార్, లాకరా, స్లిప్పా?" అని అడిగినాడు.

"ముందు నువ్వు బల్ల మీదికెల్లి జారకుంట పండుకో," అన్నాడాయన.

దిగబడిన ప్రతిసారీ బండిని గుంజేది, మడుగు పక్కనే ఉండే ముసలి భోజన్న. ఊరినిండా ట్రాక్టర్లు వచ్చినాక ఆయన జోడెడ్లకు పని పోయింది. "పని లేని ఎడ్లను మేపుడెందుకు? అంగడికి తోలి అమ్ముత," అని వాటి మెడలు నిమురుతూ అనేవాడు. బండి దిగబడిన పూట మాత్రం ఆ మాట ఎత్తేవాడు కాడు.

ఈ శ్రావణంలో రుక్మాబాయి ఓర్పు తీరిపోయింది. "ఇంకొక్కపారి నా బీరకాయలు వాడిపోయినయనుకో, రాజేశ్వర్ ఆటోల పోత. నువ్వు బురదల కూసొని ఆలోచన జేస్కో!"

మరునాడు బండి ఎక్కుతూనే ఆమెకు అనుమానం తగిలింది. "కూరగాయల పక్కన గీ తవుడు బస్తా ఎందుకయ్యా?"

"ఏమో... అవసరం పడ్తదేమో."

అవసరం పడనే పడింది. అదే మడుగు, అదే చక్రం. "భోజన్న కాకా!" అని కేకవేస్తూ రాజలింగు ఉత్సాహంగా దిగినాడు. ఉడికిపోతూ కూర్చున్న రుక్మాబాయికి స్టీరింగు కింద, తువ్వాల చాటున, ఎర్రని స్విచ్చు ఒకటి కనబడింది. కొత్తది.

"ఏమయ్యా! గిదేంది?"

రాజలింగు కిటికీ వద్దకు ఉరికివచ్చినాడు. "మెల్లగనే! లాకరే అది. నాట్లకు ముందే ఏయించిన."

"మరి నొక్కవేంది?"

"నొక్కితే బండి ఎల్తది గద!"

"ఎల్లొద్దా?"

"ఎల్తే భోజన్న కాక ఎడ్లను అంగడికి తోల్తడే. తవుడు గూడ వాటికే తెచ్చిన. అవి పోతే ముసలాయిన ఎవలతోని మాట్లాడ్తడు? గందుకే స్లిప్పు వద్దన్న. దానికి స్విచ్చుండది, మనం దిగబడుదమన్నా దిగబడనియ్యది."

రుక్మాబాయి స్విచ్చును, మొగుణ్ణి మార్చి మార్చి చూసింది. జన్మలో మొదటిసారి ఈ మనిషి ఒకటి ఎంచుకున్నాడు. దాన్నీ దొంగసొమ్ములా దాచినాడు!

అంతలో గజ్జెల చప్పుడు. తలపాగా సవరించుకుంటూ, ఎడ్లను అదిలిస్తూ, దండు నడిపే సేనానివలె భోజన్న వస్తున్నాడు. రుక్మాబాయి చప్పున తువ్వాలను స్విచ్చుమీద కప్పివేసింది.

"రేపటిసంది గంట ముందు ఎల్లుదం," అన్నది మెల్లగా. "దిగబడెటందుకు టైము గావాలె గద."

భోజన్న తాడు బిగిస్తూ పకపక నవ్వినాడు. "ఏం రాజలింగు, ఇంకా తేల్సుకోలేదా?"

"ఏడ కాకా! రెండూ మంచిగనే కనబడ్తున్నయ్."

"ఈయినతోని ఏడయితది కాకా," అన్నది రుక్మాబాయి, "నువ్వు గుంజు!"