నిండుకున్న డబ్బా

మీ ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటారు? ‘లేవు’ అంటారా, ‘నిండుకున్నాయి’ అంటారా? ఖాళీ డబ్బాను ముందు పెట్టుకుని నిండిందని చెప్పే మాటను నమ్మేదెలా?

మా మేనత్త రాజవ్వ మనవడు మహేశ్‌కు భూపాలపల్లిలో ఉద్యోగం. నెల్లికుదురు దగ్గరి తండా పిల్ల సునీతను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. కొత్త కాపురంలో తొలి విందు. ‘ఆ పిల్లకు మన పద్ధతులేం తెలుసు’ అని పెళ్లికి రాని చుట్టాలు కూడా వస్తామన్నారు.

శనివారం పొద్దున రాజవ్వతో కలిసి జనగామలో రైలెక్కుతూ, సాగనంపడానికొచ్చిన తమ్ముడితో ‘పోతున్నం’ అన్నాను.

“పోయొస్తం అనాలె! ఎన్ని పుస్తకాలు రాసినా నీకు మాట రాదు అల్లుడా” అంది రాజవ్వ.

“పోతున్నం అంటే రైలు పట్టాలు తప్పుతదా అత్తా?”

పెట్టెలో నలుగురూ నవ్వారు. రైలు పట్టాలు తప్పలేదు. పుట్టింటికి వచ్చి ఉన్న సునీత మహబూబాబాద్‌లో జొన్నరొట్టెలతో మాకోసం నిలబడి ఉంది. నర్సంపేటలో, ములుగులో బస్సులు మారి చీకటి పడేవేళకు భూపాలపల్లి చేరాం.

ఆదివారం పొద్దున రాజవ్వ డబ్బా మూత తీసి చూసి, “బిడ్డా, బియ్యం నిండుకున్నయ్” అంది.

“మంచిగైంది అవ్వా!” అని సునీత వంకాయలు కోయడానికి కూర్చుంది. ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ పెరిగిన పిల్ల. తెలుగును ఉన్నదున్నట్టు నమ్మింది.

ఎసరు మరిగింది. చుట్టాలు గుమ్మంలోకి వచ్చారు. అప్పుడు మూత తీస్తే డబ్బా అడుగు కనిపించింది.

“నిండినయ్ అంటివి గద అవ్వా!”

“ఇంట్ల లేవు అనొద్దు బిడ్డా. లచ్చిమి అలుగుతది.”

సునీత కళ్లు చెమర్చాయి. మరుక్షణమే వాకిట్లోకి వెళ్లి గొంతెత్తింది: “అక్కా, మా ఇంట్ల బియ్యం ఒడిసినయ్! జర తేండ్రి!”

వాడంతా కదిలింది. గిన్నెల్లో, సంచుల్లో, కొంగుల్లో తెచ్చారు. సన్నవీ దొడ్డువీ కలిసి అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉడికింది. పెళ్లికి రాని పెద్దాయనే, “గీ అన్నం మంచిగుంది బిడ్డా, ఇంకింత పెట్టు” అన్నాడు. సునీత పగలబడి నవ్వింది.

మిగిలిన బియ్యాన్ని డబ్బాలో పోస్తూ రాజవ్వ నన్ను చూసి కన్నుగీటింది. “నేను చెప్పలే, నిండుకున్నయని!”

నమ్మకం ఎప్పుడూ ఇంతే, ఏది జరిగినా తానే గెలిచానంటుంది. కానీ ఆ డబ్బాను నింపింది ‘ఒడిసినయ్’ అన్న నిజం. ‘నిండుకున్నయ్’ అంటూ కూర్చుంటే వాడలో ఎవరు తెచ్చేవారు?

తిరుగు ప్రయాణంలో హనుమకొండ బస్సులో కండక్టర్ రాజవ్వ చేతిలో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ పెట్టాడు. “జీరో అంటే లేదనే గద అత్తా. లచ్చిమి అలిగిందా?”

“పైసలు మిగిలె. ఇంక అలుగుడేంది!” బస్సు వినేలా నవ్వింది. జనగామ దాకా ఆ నవ్వు ఆగలేదు.

లేండి, వంటింట్లోకి నడవండి. ఖాళీ డబ్బా మూత తీసి, పక్కింటికి వినబడేలా ‘లేవు’ అనండి!