ఐదు బారల ఇసుక

నాకు ముక్కు మీదే కోపం. ఆ రోజు ఫోనులో ఆ అమ్మాయి మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"మేడమ్, మీ నోటుపుస్తకాలు చేర్చడం కష్టమేమో. ప్లాటు సైజు దగ్గర 'ఐదు బారలు' అని రాశారు. మీటర్లలో ఎంత?"

ఆమె ఒకప్పుడు నా దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్నదే. ఇప్పుడు తీరం పొడవునా ఎవరెవరో ఎప్పుడెప్పుడో చేసిన మొక్కల సర్వేలన్నీ ఏరి ఒక డేటాబేసులో పెడుతోంది. ఎంత చోటులో ఎన్ని రకాలున్నాయో తెలిస్తేనే ఒక సర్వేను ఇంకో సర్వేతో పోల్చగలం. చోటెంతో తెలియని సర్వే పనికిరాదు. ఈ ముక్క క్లాసులో ఆమెకు చెప్పింది నేనే!

తప్పు కూడా నాదే. ముప్పై ఏళ్ళ కిందట, పరిశోధన చేసే రోజుల్లో, నాయుడుపేటలో బస్సు మారేటప్పుడు కొలత టేపు సీటులోనే వదిలేశాను. పులికాట్ సరస్సు దగ్గరి పల్లెలో దిగి సంచి తడుముకుంటే టేపు లేదు. పుట్టి మునిగిందని కూలబడ్డాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక అక్క, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, "దానికెందుకమ్మే ఏడుపు?" అంటూ రెండు చేతులూ బారచాపి తాడు కొలిచి, బారకొక ముడి వేసింది. వాళ్ళు వల తాళ్ళూ నీటి లోతూ కొలిచేది అలాగే. ఆ తాడుతో ఇద్దరం ఇసుక దిబ్బల మీద ఒక్కో వైపు ఐదు బారలుండే చదరాలు నలభై రెండు గీశాం. ఒక్కో చదరంలో ఉన్న ప్రతి మొక్కనూ రాసుకున్నాను. తాడు తర్వాత కొలుచుకోవచ్చులే అనుకున్నాను. ఇంతలో ఉద్యోగం వచ్చింది, పుస్తకాలు బీరువాలోకి పోయాయి.

ఆ దిబ్బలిప్పుడు సగం చదునైపోయాయి. మిగిలిన చోట, ఇసుకను పట్టి ఉంచే పాత మొక్కలే మళ్ళీ నాటాలని ఊరివాళ్ళు అడుగుతున్నారట. బాలబంద తీగ, రావణాసురుడి మీసాలనే ఇసుక గడ్డి, ఇంకా ఏవేవి ఎంతెంత పెరిగేవో చెప్పే కాగితం నా పుస్తకాలు తప్ప ఇంకొకటి లేదు. వాటిని పక్కన పడేస్తే ఎలా? మర్నాడే బస్సెక్కాను.

అక్క ఇంటి ముందు రొయ్యలు ఎండబెడుతోంది. "ఏందమ్మే, దారి తప్పినావా? ముప్పై ఏళ్ళకు గుర్తొచ్చినానా?" అని దెప్పింది. తల దించుకుని, ఆనాటి తాడుందా అని అడిగాను.

"తాడా! మేకకు కట్టినా. మేకా పోయింది, తాడూ పోయింది."

"పోతే పోయింది. నీ చేతులున్నాయి కదా. ఒక్కసారి బారచాపు అక్కా."

ఎడమ చెయ్యి చాపింది. కుడి చెయ్యి నడుము దాకా లేచి ఆగిపోయింది. పోయిన వానల్లో పడవ మీద జారి పడ్డదట, అప్పటినుంచి భుజం లేవడం లేదు. నిజం చెప్పాలి. నా గుండె జారింది ఆమె చేతి కోసం కాదు, నా పుస్తకాల కోసం. వెంటనే సిగ్గేసింది. పోనీ ఎడమ చెయ్యి ఒక్కటే కొలిచి రెట్టింపు చేద్దామన్నాను.

"వల తాడు అట్ట కొలిస్తే చేపలు నవ్వతాయి," అని కొట్టిపారేసింది. కాసేపు ఆలోచించి, "లేపితే గదా నొప్పి. పడుకుంటే లేపే పనేముండాది?" అంటూ ఇంటి ముందు ఇసుకలో వెల్లకిలా పడుకుంది. కోడలు వచ్చి కుడిచేతిని ఇసుక మీదే మెల్లగా పక్కకు జరిపింది. అక్క పళ్ళు బిగించింది, కానీ చెయ్యి వచ్చింది. రెండు చేతుల వేలికొసల దగ్గరా పుల్లలు గుచ్చాను. దారినపోయే ఒకావిడ, "అయ్యో, ఏమైంది వదినా, కళ్ళు తిరిగినాయా?" అని పరుగెత్తుకొచ్చింది.

"నన్ను కొలస్తా ఉండారు. టేపు తొక్కబాక!" అని కేకేసింది అక్క.

నవ్వాపుకోలేక టేపు రెండుసార్లు జారవిడిచాను. నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లు. మూడుసార్లు కొలిచినా అంతే వచ్చింది.

అక్కడినుంచే ఫోను చేశాను. "ఎలా కొలిచారో నాలుగు ముక్కలు రాసి పంపండి మేడమ్, నలభై రెండూ చేరుస్తాను," అంది ఆ అమ్మాయి. నాకు ఏడుపొచ్చింది. అక్క అరుగు మీద కూర్చుని, పట్టిక నింపి పంపుదామని ల్యాప్‌టాప్ తెరిచాను. 'సర్వే చేసినవారు' అన్న చోట, నలభై రెండు వరుసల్లోనూ నా పేరొక్కటే ఉంది. నేను రాసిచ్చిందే. తాడు రెండో కొస పట్టుకున్న మనిషి పేరు నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. అసలు నాకు తెలియనే తెలియదు! అక్కా అక్కా అంటూ పనంతా చేయించుకున్నాను.

"అక్కా, నీ పూర్తి పేరేమిటి?"

ఇంటిపేరుతో సహా చెప్పింది. నా పేరు పక్కన టైపు కొట్టి చదివి వినిపించాను. "మళ్ళీ చదువు," అంది. చదివాను.

"ఒక్కసారేనా రాసేది? తాడు నలభై రెండుసార్లు పట్టినా గదమ్మే."

మొదటి వరుసలో కొట్టి కిందికి లాగితే అన్నిట్లోనూ క్షణంలో పడుతుంది. ఆ మాట ఆమెతో అనబుద్ధి కాలేదు. వరుస వరుసకూ కొట్టాను. అక్క పక్కనే కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతి వేళ్ళ మీద లెక్కపెట్టింది. మెడ నొప్పెట్టి, అయిపోయిందనుకుని ల్యాప్‌టాప్ మూయబోయాను.

"ఉండు," అంది అక్క. "ఇంకోటి ఉండాది."