గోడలో తేనెటీగలు

మా చిన్నప్పుడు... రెంటచింతలలో మా ఇంటి గోడలో తేనెటీగలు ఉండేవి. రాయీ మట్టీ పేర్చి కట్టిన మందపాటి గోడ. వసారా వైపు వేలు పట్టేంత బొక్క... అందులోంచి వస్తూ పోతూ ఉండేవి. వాటి జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మా నాయనమ్మ ఆ గోడకే వీపు ఆనించి మధ్యాహ్నాలు కునుకు తీసేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, లోపల తేనె ఎంతుందో చూద్దామని పత్తికట్టె దూర్చి గెలికాను. ఒక్కసారిగా గుయ్‌మని లేచాయి... పరిగెత్తి గాదె వెనక నక్కాను. వసారాలో మంచం మీద నిద్రపోతున్న మూడేళ్ల చెల్లి గుర్తే రాలేదు.

అమ్మ దుప్పటి కప్పి లోపలికి తెచ్చేసరికి దాని ముఖం వాచిపోయి కళ్లు కనపడటం లేదు. నాన్న బండి మీద మాచర్ల ఆసుపత్రికి తీసుకుపోయాడు. రెండు రోజులకి గానీ అది కళ్లు తెరవలేదు.

చెల్లిని ఇంటికి తెచ్చిన సాయంత్రమే నాన్న సిమెంటు కలిపాడు. ఈగలన్నీ లోపలికి చేరేదాకా ఆగాడు.

"పొగబెట్టి ఎళ్లగొట్టరా. బొక్క మాత్రం మూయమాక... లోపల పిల్లలుంటయ్యి," అంది నాయనమ్మ.

"నా బిడ్డ కళ్లు పోయేయి. నువ్వు మాట్లాడమాక అమ్మా."

'నేనే గెలికాను నాన్నా' అనాలనుకున్నాను... అనలేదు. నాన్న బొక్కని సిమెంటుతో మూసేశాడు.

మర్నాడు గోడలో రొద రెట్టింపయింది. చెయ్యి ఆనిస్తే రాయి వణుకుతున్నట్టు ఉండేది. మూడో రోజుకి సన్నబడింది... చెవి పెడితేనే వినపడేది. నాలుగో రోజు ఏమీ లేదు.

కొన్నాళ్లకి లోపలి వైపు గోడ మీద తేనె చారలు దిగాయి. చీమలు బారులు కట్టాయి. ఇంట్లో ఎవరూ వేలు కూడా పెట్టలేదు. నాన్న రెండుసార్లు సున్నం కొట్టాడు... మరక మళ్లీ పైకి తేలింది. ఆ తర్వాత ఆయన ఆ గదిలో అన్నం తినడం మానేశాడు. నాయనమ్మ ఆ గోడకి ఆనుకోవడం మానేసింది.

చెల్లికి ఇవేవీ గుర్తులేవు. నేను మాత్రం ఇప్పటికీ కొత్త ఇంట్లోకి వెళితే ముందు గోడ మీద చెయ్యి పెడతాను... ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పను.

పోయిన నెల నాన్నకి చెప్పేశాను. ముప్పై ఏళ్ల తర్వాత.

"మా అమ్మ చెప్తే ఇనలేదే నేను... నువ్వు చెప్పుంటే ఆగేవాణ్ణేమో," అన్నాడు.

ఇప్పుడు తేనెపట్టుని పిల్లలతో సహా పెట్టెలోకి మార్చి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. ఒక్క ఫోన్ చేస్తే చాలు, వస్తారు. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు... తెలిసిన ఒక్క మాటా నేను చెప్పలేదు.

చిన్నప్పుడు గొంతులోనే ఆగిపోయిన మాట మీకూ ఉంటే... వినేవాళ్లు ఉండగానే చెప్పేయండి. ఇక్కడ రాసినా సరే... చదువుతాను.