సాలెపురుగు మొహానికి టచింగ్

ఆ కాలంలో ఆదోని ఫోటో స్టూడియోల నుంచి ఎవరి మొహమూ ఉన్నది ఉన్నట్టు బయటికి వెళ్లేది కాదు. పుట్టుమచ్చ, మొటిమ, మసూచి గుంట, అన్నీ నెగటివ్ మీదే పెన్సిలుతో మాయమయ్యేవి. పందొమ్మిదేళ్లకు నేను పనికి చేరిన స్టూడియోలో ఈ టచింగ్ పని ఒక ముసలాయనది. ఊరంతా ఆయన్ని చాచా అనేది. ఆయన చెయ్యి పడితే ఎలాంటి మొహమైనా పెళ్లిచూపులు గట్టెక్కేది (నాదీ అలాగే గట్టెక్కింది, మా ఆవిడకు చెప్పకండి).

అక్కడ ఒక పాత చెక్క స్టాండు కెమెరా మూలపడి ఉండేది. ముందు లెన్సు, వెనక అద్దం, మధ్యలో హార్మోనియం తిత్తిలా సాగే తోలు తిత్తి. నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే అద్దంలో లోకం తలకిందులుగా కనిపించేది. మా యజమాని సాబు దాన్ని ఎమ్మిగనూరు ఆయనెవరికో అమ్ముతానని మాటిచ్చేశాడు. దుమ్ము దులపమని నాకు అప్పగిస్తే, పెరట్లో దొండపందిరి దగ్గర పెట్టి, చేతులు ఊరుకోక తిత్తిని చివరికంటా లాగాను. ఆకు మీద పాకుతున్న గండుచీమ అద్దంలో నా బొటనవేలంత అయింది! మీసాలు, కాళ్ల కీళ్లు, అన్నీ! "సాబూ, ఓ సాబూ!" అని కేకలేస్తూ షాపులోకి పరుగెత్తాను.

"చీమ మొహం సూసి ఎవరప్పా మన కాడికి ఫోటో దిగను వచ్చేది?" అన్నాడు సాబు. నేను వదిలితేనా! కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి విసుగొచ్చి, "ఒకే ఒక్క ఫిల్ము ఇస్తా. బయట అద్దాల బీరువాలో పెట్టేంత బొమ్మ శుక్రవారం నమాజు లోపల తెచ్చినావంటే కెమెరా ఈడనే ఉంటాది. లేదంటే ఎమ్మిగనూరికి పోతాది" అన్నాడు.

మూడు రోజులు పురుగుల వెంట పడ్డాను. మిడత ఎగిరిపోయింది. గొంగళిపురుగు నిలబడింది గానీ గాలి నిలబడలేదు. గురువారం ఎండలో, గెంతుతూ తిరిగే బుల్లి సాలెపురుగు ఒకటి ఈగను పట్టుకుని, తిండి ధ్యాసలో కదలకుండా కూర్చుంది. ఊపిరి బిగబట్టి లెన్సు మూత తీశాను. ఒకటీ, రెండూ, మూశాను. నెగటివ్ కడిగి చూస్తే, అబ్బ! బఠాణీ గింజంత మొహం, ఎదురుగా నాలుగు కళ్లు, చుట్టూ నూగు! గంతులేశాను. దాన్ని ఆరబెట్టి ఇంటికి పోయాను. అదే నేను చేసిన తప్పు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ప్రింటు తయారుగా ఉంది. అందులో నున్నగా, రెండంటే రెండు కళ్లతో, అప్పుడే గడ్డం గీయించుకొచ్చిన సాలెపురుగు!

"మొహం నిండా మచ్చలుండె బేటా, ఎంట్రుకలు గూడా" అన్నాడు చాచా మురిసిపోతూ. "రాత్రి దాకా కూసోని అంతా తీసేసినా. ఇప్పుడు సూడు, ఎంత కళగా ఉందో!"

"అవి మచ్చలు కాదు చాచా, కండ్లు!" అని అరిచాను. మా నాయన కంటే పెద్దవాడి మీద నోరు చేసుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపే వచ్చింది.

"నాలుగు కండ్లు యాడన్నా ఉంటాయా? సూపీ పద!" అని చాచా పెరట్లోకి నడిచాడు. అదృష్టం, సాలెపురుగు ఇంకో ఈగతో అక్కడే ఉంది. కెమెరా సరిచేసి ఇచ్చాను. ఆయన నల్లగుడ్డలో తల దూర్చాడు.

"యా అల్లా!"

గుడ్డలోంచే "కండ్లు పీకినట్టాయె గదా నేను" అని మెల్లగా వినిపించింది. "నాలుగిటితోనూ నన్నే సూస్తాంది బేటా!"

అంతలో సాబు వచ్చాడు. "ఎమ్మిగనూరు ఆయన బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టినాడు. మీరేం చేస్తాండారు ఈడ?"

"నలభై ఏండ్లు మొహాలు దిద్దినా సాబూ" అన్నాడు చాచా గుడ్డలోంచే. "దిద్దే పనే లేని మొహం ఇప్పుడు సూసినా. రా, నువ్వూ సూడు."

సాబు దూరాడు. వాకిట్లో బండాయన కేకేశాడు, మళ్లీ కేకేశాడు. సాబు గుడ్డలోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి ఊపాడు. "ఆయన్ని పొమ్మనప్పా. కెమెరా ఇయ్యనని సెప్పు."

చెప్పి వచ్చాను. ఈలోగా చాచా మళ్లీ దూరాడు, ఆయన తర్వాత ఫోటో దిగడానికి వచ్చిన పెద్దకడుబూరు రైతు, ఆయన భార్య. నా వంతు వచ్చేసరికి సాలెపురుగు ఈగను ముగించి, ఎటో గెంతి పోయింది. కోరుకున్న కెమెరా దక్కిందన్న సంగతే గుర్తులేకుండా, "నన్ను ఇంకొక్కసారన్నా సూడనిస్తిరా!" అని మెట్టు మీద కూర్చుని ముక్కు చీదుకున్న ఆ పందొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. పక్కన కూర్చుని వాడి భుజం తట్టాలనీ ఉంటుంది.