గడియ వెనక పెంటప్ప

పెంటప్ప మాట్లాడితే వీధి చివరికి వినిపించేది. ముప్పై ఏళ్లు మిల్లులో మగ్గాల మోత మీద అరిచి అరిచి ఆ గొంతు అలా తయారైంది. తొంభై రెండులో మిల్లు మూతపడింది. యాభై దాటినవాణ్ని పవర్లూముల వాళ్లు తీసుకోలేదు. ఆ తర్వాత మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో అతని గొంతు వినబడడమే మానేసింది. పని లేక కుంగిపోయాడనుకున్నాం.

అసలు సంగతి వేరు. భార్య చంద్రభాగకు వాతంతో కుడిచేతి వేళ్లు కొంకర్లు పోయాయి. కార్ఖానాలో ఆకు, తంబాకు ఇచ్చే బీడీల కార్డు ఆమె పేరున ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. అందుకని తలుపు గడియ పెట్టుకుని పెంటప్పే బీడీలు చుట్టేవాడు. ఎవరైనా తలుపు తడితే, ఆకు, తంబాకు ఉన్న చాట ఆమె ఒళ్లోకి మారేది.

"నేను సాలోన్ని, మగ్గం నేసినోన్ని. ఆడోళ్ల పని చేస్తున్నని తెలిస్తే ఉరి పెట్టుకుంట" అని గుసగుసగా ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లం, మేమేమన్నా తక్కువ వాళ్లమా! తెలిస్తే నవ్వి చంపేవాళ్లం.

రెండేళ్లకు, జోడ్‌భావి పేట్ కార్ఖానాలో బీడీలు సరిచూసే దత్తాత్రి ఆమె చెయ్యి చూశాడు.

"ఈ చేతితోని ఇంత మంచి బీడీలెట్లయితయ్ అక్కా? ఎవరితోనో చేయించి తెస్తున్నవ్. నా ముంగట పది చెయ్. లేకుంటే కార్డు ఖతం."

చంద్రభాగ కూర్చుంది. ఆకు జారింది. మళ్లీ తీసింది, మళ్లీ జారింది. వరసలో ఉన్న మేం చూస్తూ నిలబడ్డాం. ఆమె ఏడుస్తూ గేటు వైపు చూసింది. బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డ పెంటప్ప తల తిప్పుకుని వెళ్లిపోయాడు. పెళ్లాన్ని అలా వదిలేసి పోతుంటే నాకు ఒళ్లు మండింది.

కొంతం చౌక్ దాకా పోయి, ఇక ఎటు పోవాలో తెలియక నడిరోడ్డు మీద ఏడ్చాడట.

దత్తాత్రి కార్డు రద్దు చేయబోతుంటే పెంటప్ప తిరిగొచ్చాడు. అంతమంది ఆడవాళ్ల మధ్య కూలబడి, ఆమె చాట లాక్కున్నాడు. పది బీడీలు చుట్టాడు.

దత్తాత్రి వాటిని తిప్పి చూసి, కొత్త కార్డుకని కాగితం తీశాడు.

"పేరు?"

"పెంటప్ప."

"పని?"

నోట్లోనే ఏదో గొణిగాడు. జీవితమంతా ఆ ప్రశ్నకు మగ్గమనే చెప్పిన మనిషి.

"గట్టిగ చెప్పు కాకా."

"బీడీలు చేస్త!"

రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. అది మగ్గాల మీద అరిచిన గొంతు.

"నేనే చేస్తున్న. రెండేండ్ల సంది నేనే చేస్తున్న!"

నవ్వుదామన్నా మాకు నవ్వు రాలేదు.