వరుసలో ముందు నిలబడ్డవాడు

దేవదాసుకు మెడ తిరగదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషంతా తిరగాలి. ఇరవై రెండో ఏట నడుములో మొదలైన బిగువు పదేళ్లలో మెడదాకా పాకి, వెన్నును ఒకే ఎముకలా చేసేసింది. సిరిసిల్లలో సాంచలని పిలిచే మరమగ్గాల మీద బతికే మనిషికి వంగలేకపోవడం చిన్న లోపం కాదు. పోగు తెగితే వంగి ముడెయ్యాలి. ఆ పని పక్క సాంచల మీదున్న అన్న పరశురాములు చేసేవాడు.

"జరుగు, గుంజా!" అంటూ వచ్చేవాడు. తమ్ముణ్ని పాతిపెట్టిన గుంజతో పోల్చే హక్కు లోకంలో తనొక్కడిదే అన్నట్టు. ఇంకెవడైనా ఆ మాటంటే కొట్లాటకు పోయేవాడు. ముడేసి లేస్తూ, "గీ జన్మల నీ నడుముకు గూడ నేనే వంగాల్నారా?" అనేవాడు.

తమ్ముడి నడుము వంగితే తలనీలాలిస్తానని కొండగట్టు అంజన్నకు మొక్కాడు. రెండేళ్లు చూశాడు. నడుము వంగలేదు. అయినా పోయి గుండు గీయించుకొచ్చాడు.

"అంజన్న మాట తప్పిండు గని నేను తప్ప," అని గుండు తడుముకుంటూ నవ్వాడు. ఆ నవ్వు దేవదాసుకు ఇప్పటికీ సాంచల చప్పుడులో వినిపిస్తుంది.

చికున్‌గున్యాతో ఊరంతా మూలిగిన ఏడు, ఆర్‌ఎంపీ డాక్టరు గది ముందు సూదిమందుకు పెద్ద వరుస. లోపల సూది ఒకటే. వేణ్నీళ్లలో ముంచడం, మళ్లీ గుచ్చడం. అన్నదమ్ములిద్దరికీ జ్వరం. పరశురాములు తూలుతూనే జనాన్ని బతిమాలాడు. "మా తమ్ముడు నిలవడలేడు. జర ముంగట్కి రానియ్యుండ్రి." దేవదాసును ముందు నిలబెట్టి, తాను వెనకే నిలబడ్డాడు. తమ్ముడికి గుచ్చిన సూదే అన్నకూ గుచ్చారు.

పన్నెండేళ్లకు పరశురాములు కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు తాగించారు, ఉప్పు మాన్పించారు. కడుపు ఉబ్బాక కరీంనగర్‌కు తీసుకుపోతే కాలేయం గట్టిపడిందన్నారు. హెపటైటిస్ సి. రక్తంతో, సూదులతో అంటుకునే వైరస్. మందుంది కాని, మీరు రావాల్సిన సమయంలో రాలేదన్నారు. నెల తిరక్కుండానే పోయాడు.

తర్వాత ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేశారు. పరశురాములు భార్య భూమవ్వకు ఏమీ లేదు. దేవదాసు రక్తంలో మాత్రం వైరస్ వచ్చి పోయిన గుర్తుంది, వైరస్ లేదు.

కరీంనగర్ డాక్టరు దేవదాసు పాత కాగితాలు తిరగేశాడు. "నీకు బి27 జన్యువు ఉంది. ఒంటికి కాపలా కాసే సైన్యం సొంత ఎముకల మీదనే పడడానికి అదొక కారణం. నీ నడుము అట్ల బిగిసింది. అయితే అదే జన్యువు ఉన్నోళ్లల్ల కొందరు గీ వైరస్‌ను మిగతావాళ్లకన్న బాగ తరిమేస్తరు. నీకు అదే సాయపడ్డదని ఒట్టేసి చెప్పలేను. పడి ఉండొచ్చు."

"మా అన్నకు లేకుండెనా సారూ?"

"ఒక్క తల్లి బిడ్డలకైనా అన్నీ ఒక్కతీరు రావు."

అన్న నడుము విల్లులా వంగేది.

"గా వైరస్ నా నుంచే మా అన్నకు పోయిందా?" నడుము నొప్పికి అతడు ఆ జ్వరాల ఏటికి ముందు పదేళ్లుగా సూదులు వేయించుకున్నవాడే.

"అది ఏ పరీక్షా చెప్పదు."

ఆ మాట వదినెకు చెప్పకుండా ఆరు నెలలు ఆమె చేతి బువ్వ తిన్నాడు. పెళ్లి లేని మనిషి, ఉన్నది ఆ ఒక్క ఇల్లే. చెప్తే ఆ ఇంట్లో చోటుంటుందో ఉండదో. చెప్పకపోతే ముద్ద దిగడం లేదు. భూమవ్వ పొద్దంతా బీడీలు చేస్తూ, మధ్యమధ్య కార్ఖానాకొచ్చి పోగులు ముడేసి పోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె కార్ఖానాలో ఉండగా కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారి ఆగాయి.

"వదినే, అన్న నా ఎన్క నిలవడ్డడు. సూది నాకు గుచ్చినంక అన్నకు గుచ్చిండ్రు. నా రోగమే..."

భూమవ్వ చేతికంటిన పొగాకు చీరకు తుడుచుకుంది.

"నీకంటె ముందుగాల ఎంతమందికి గుచ్చిండ్రు?"

"పొద్దటిసంది గుచ్చుతనే ఉండె."

"ఆళ్లందర్ని గూడ పిలిచి అడుగుదమా? నీది కాదని నేనంటలే. అయ్యుండొచ్చు. గని నిన్ను ఎన్క నిలవెట్టి తాను ముంగటికి పోతే, గాయన మీ అన్ననే గాడు. గాయన జేసిన పనికి నువ్వు ఏడుస్తవేంది?"

కరెంటు వచ్చింది. సాంచలు మొత్తుకోవడం మొదలుపెట్టాయి. రెండో సాంచ మీద అడుగున పోగు తెగింది.

"జరుగు, గుంజా!"

దేవదాసు మనిషంతా తిరిగి చూశాడు. భూమవ్వ అప్పటికే వంగింది.