ఎర్ర జెర్సీ మీద పేరు

జోల్టాన్ బర్టోక్ రెండు బొటనవేళ్లూ మోకాలిచిప్పకు అటూ ఇటూ ఆనించి, కళ్లు మూసుకుని నొక్కుతున్నాడు. బల్ల మీద పడుకున్న కుర్రాడు పైకప్పుకేసి చూస్తూ పళ్లు బిగబట్టాడు.

"నొప్పా?"

"లేద్సార్."

"అబద్ధమాడితే ఇంకాస్త గట్టిగా నొక్కుతా."

"కొంచెం సార్. లోపలి వైపు."

"అదీ. మోకాలు ఆ మాట ముందే చెప్పింది. నువ్వు చెబుతావా లేదా అనే చూశా."

కుర్రాడి పేరు వర్నెల్ టాలీ. మిసిసిపీ పత్తిచేల వైపు నుంచి వచ్చాడు. అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి చంకన పెట్టుకుని పరిగెత్తితే, ఎదురుగా ఉన్నవాళ్లు గాలిని కౌగిలించుకునేవాళ్లు. అంత ఆటగాడు. నవంబరులో కాలేజీ తరఫున ఆఖరి ఆటల్లో మోకాల్లో నరం తెగింది. కోసి కుట్టారు. ఇప్పుడు ఏప్రిల్. ఇంకో వారంలో డ్రాఫ్ట్. కాలేజీ వదిలే ఆటగాళ్లను జట్లన్నీ వంతులవారీగా ఏరుకునే రోజు. ఆ కాలు బాగుంటే టాలీని మొదటి గంటలోనే ఎవరో ఎగరేసుకుపోయేవాళ్లు.

"ఈ నెల్లో నీ కాలు ఎవరెవరు లాగారు?" అన్నాడు బర్టోక్.

"ఎవరు లాగలేదో అడగండి సార్. ఒకాయన లాగిన లాగుడికి బల్ల మీంచి జారి పడబోయా. ఇంక పళ్లు చూడటమే తక్కువ."

"సంతలో గుర్రానికే నయం. బేరం కుదరకపోతే ఇంటికి తోలుకుపోతారు" అన్నాడు బర్టోక్. మోకాలి మీద ఐసు సంచి పెట్టి, తన చేతుల్తోనే గుడ్డ చుట్టాడు.

నేను జట్టు సామాన్ల గది చూసేవాణ్ణి. హెల్మెట్లు బిగించడం, జెర్సీలు కుట్టడం, బూట్లకు మేకులు మార్చడం నా పని. బర్టోక్ గది నా గది పక్కనే. ఆటగాళ్ల గాయాలు చూసేది, కట్లు కట్టేది అతనే. వాళ్ల నాన్న టొలీడోలో గాజు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పనిచేసి చేతులు కాల్చుకున్నాడు. ఆ చేతులకు కట్లు మార్చి మార్చి, బడికి పోయే వయసులోనే కట్టు కట్టడం నేర్చానని చెప్పేవాడు. చదువు తర్వాత వచ్చింది. అతను కట్టిన పట్టీలో ముడత అన్నది నేను చూడలేదు. ఎవడైనా తొందరపడితే కసిరేవాడు. "ముడత పడితే బొబ్బ లేస్తుంది. బొబ్బ లేస్తే అడుగు వంకరగా వేస్తావు. అడుగు వంకరైతే మోకాలు పోతుంది. అప్పుడు నీకు తొందరేం ఉండదు. హాయిగా కూర్చుంటావు, జన్మంతా."

కోపిష్టి. కానీ కారణం లేకుండా కోప్పడింది నేనెరగను.

డ్రాఫ్టుకు ముందురోజు పెద్దగదిలో అందరూ కూర్చున్నారు. ఆటగాళ్ల పేర్లు చీటీల మీద రాసి బోర్డుకు అతికించే పని నాది. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని నాకు అంటగట్టారు. మేనేజర్ ప్రెంటిస్ వైల్ టాలీ చీటీ పీకి చేతిలో ఆడిస్తూ అన్నాడు.

"సర్జను చక్కగా కుట్టాడట. మన డాక్టరూ ఫరవాలేదన్నాడు. నువ్వేమంటావ్ జోల్? రెండో రౌండులోనే తీసేసుకుందామా, నాలుగో రౌండు దాకా ఆగి చవగ్గా కొట్టేద్దామా?"

"నాలుగు దాకా ఉంటాడా?" అన్నారెవరో.

కోచ్ రస్ హలోరన్ సాసేజీ రొట్టె నములుతూ నవ్వాడు. "ఆ మోకాలు పనికిరాదని ఇద్దరు విలేకర్ల చెవిలో ఊదితే ఆరు దాకా ఉంటాడు."

గది గదంతా నవ్వింది. ఎద్దు పుండు కాకికి నొప్పా? నాకు చేతిలో ఉన్న జిగురు సీసా వాళ్ల మీద ఒంపాలనిపించింది.

బర్టోక్ నవ్వలేదు. లేచి, వైల్ చేతిలోంచి ఆ చీటీ లాక్కున్నాడు.

"మోకాలు వచ్చే ఏడాదికి నిలబడుతుందనే నా నమ్మకం. ఖాయమా అంటే దేవుడు కూడా చెప్పడు. ఆ భయం నేను పడగలను. అంతకంటే పెద్ద భయం మీతోనే."

"మాతోనా? మేమేం చేశాం?" అన్నాడు హలోరన్.

"క్రోకర్‌ని ఏం చేశారో అదే."

డ్వేన్ క్రోకర్ అంతకు మూడేళ్ల ముందు మొదటి రౌండులో తీసుకున్న ఆటగాడు. వాడిదీ కుట్టిన మోకాలే.

మా దగ్గర ఒక పద్ధతుంది. సాధనలో గాయం మానని ఆటగాడు ఎర్ర జెర్సీ వేసుకుంటాడు. పేరుండదు, అంకె ఉండదు, ఒట్టి ఎరుపు. ఎరుపు కనపడితే ఎవడూ ఢీకొట్టకూడదు. కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు నేర్పేది అదే. మొహాలు చూడటానికి, ఆలోచించడానికి వ్యవధి ఉండదు మరి. హెల్మెట్లో తల దూర్చి దూసుకుపోయేవాడి కంటికి రంగు ఒక్కటే ఆనుతుంది. ఆ ఎరుపు ఎప్పుడు విప్పాలో చెప్పేది బర్టోక్. అతను చెప్పేదాకా వేరే జెర్సీ నేను సామాన్లు అందించే గల్లా దాటదు.

కానీ జనం వచ్చి సాధన చూసే రోజున క్రోకర్ని జనానికి చూపించాలన్నారు. ఎర్రదాని మీద పేరుండదుగా, అందుకని పేరున్న నీలం జెర్సీ తొడిగించారు. అప్పుడు నేను మా ఆవిడ ఆపరేషనని సెలవులో ఉన్నాను. వాళ్లే తాళం తీసుకుని ఇచ్చారు. ఆడించాలని ఎవరూ అనుకోలేదు, నిజమే. ఊరికే పక్కన నిలబడమన్నారు. బంతి అటు దొర్లింది. వాడు అలవాటుగా వంగి అందుకున్నాడు. వాడి స్నేహితుడే, సొంత జట్టువాడే, నీలం చూసి గుద్దేశాడు. క్రోకర్ ఇప్పుడు టైర్ల కొట్లో పనిచేస్తున్నాడు. మెట్లు పక్కకు తిరిగి ఎక్కుతాడు.

"నాలుగో రౌండులో తీసుకుంటే ఇతనికి ఓపిక పట్టరు. ఏడాది కుంటేవాణ్ణి ఎవడు మేపుతాడని ఆగస్టులోనే తీసిపారేస్తారు" అన్నాడు బర్టోక్. "రెండో రౌండులో తీసుకుంటే దాచుకోలేరు. కొత్త గుర్రబ్బండి కొన్నవాడిలాగా వీధి వీధీ తిప్పాలి మీకు. ఎటు చూసినా ఆ కుర్రాడికే చేటు. నన్నడిగారు కాబట్టి చెబుతున్నా. ముందే తీసుకోండి. కానీ నేను విప్పేదాకా ఒంటి మీద ఎరుపు ఉండాలి. ఆ మాట ఇవ్వలేకపోతే వదిలేయండి, ఇంకెవరైనా ఏరుకుంటారు."

"సరేనయ్యా బాబూ, మాట" అన్నాడు హలోరన్.

"వైల్?"

"మాటే జోల్, మాటే. కూర్చో."

మాట! ఆ గదిలో మాటలకు ఎన్నడు కరువు కనక?

మర్నాడు రెండో రౌండులో టాలీని తీసుకున్నారు. ఫోన్లో కుర్రాడు ఏడుస్తుంటే వైల్ అందరికీ వినిపించాడు. బర్టోక్ మాత్రం తన గదిలోకి పోయి కత్తెరలకు పదును పెట్టుకున్నాడు.

మే నుంచి బర్టోక్, టాలీ ఇద్దరూ పొద్దున్నే వచ్చేవాళ్లు. నీళ్ల తొట్టిలో నడక, తర్వాత మెట్లు, తర్వాత గడ్డి మీద తిన్నని పరుగు. బర్టోక్ మలుపు తిరగనిచ్చేవాడు కాదు. "తిరిగావో, కాలు నేనే విరగ్గొడతా" అనేవాడు.

ఆగస్టు వచ్చింది. జనం వచ్చే రోజూ వచ్చింది. గేటు బయట మొక్కజొన్నపొత్తులు కాలుస్తున్నారు, పిల్లలు నీలం జెండాలు ఊపుతున్నారు. నేను మిషను ముందు కూర్చుని ఒక చినిగిన భుజం కుడుతున్నాను. వైల్, హలోరన్ గల్లా దగ్గరికి వచ్చారు.

"మర్ట్, టాలీకి నీలం ఇవ్వు. పేరున్నది" అన్నాడు హలోరన్.

"బర్టోక్ చెప్పాడా?"

"నేను చెబుతున్నాగా."

"మీరు కోచ్. ఆట మీది. ఎరుపు ఆయనది."

"ఒరే, చెయ్యి ఊపి పోతాడు, అంతే! ఓనరు చుట్టాలందర్నీ తీసుకొచ్చాడు. టాలీ ఏడి అంటే, అదిగో ఆ పేరులేని ఎర్రాడని చూపించనా?"

"క్రోకర్ కూడా చెయ్యి ఊపడానికే వెళ్లాడు" అన్నాను.

హలోరన్ మొహం కందగడ్డయింది. నోరు తెరిచేలోపు బర్టోక్ వచ్చాడు, చేతిలో పట్టీ చుట్ట. వెనకే టాలీ, ఒక మోకాలికి సగం కట్టుతో.

"మాటిచ్చారు" అన్నాడు బర్టోక్.

"మాటిచ్చాం గానీ, పరిస్థితులు..." అని వైల్ మొదలెట్టాడు.

"పరిస్థితులకు మోకాళ్లుండవు! వీడికున్నాయి. ఒకటి మంచిది, ఒకటి నేను చేస్తున్నది. చేసినవాణ్ణి అడగకుండా చేతికందింది తీసుకుపోవడానికి ఇదేమన్నా పెరట్లో కాసిన సొరకాయా?"

"నువ్వు జీతగాడివి, గుర్తుంచుకో" అన్నాడు హలోరన్.

"గుర్తుంది. ఈ పనికే ఇస్తున్నారు జీతం. ఆ నీలం ఈ గల్లా దాటితే నేను గేటు దగ్గరికి పోయి, పొత్తులు తినే జనానికి క్రోకర్ కథ మొదట్నుంచీ చెబుతా. మైకు కూడా అక్కర్లేదు నాకు."

అబద్ధం కాదు. ఆ గొంతుకి నా మిషను మీద సూదుల డబ్బా అదిరింది.

అప్పుడు టాలీ నోరు విప్పాడు. "సార్... నీలమైతే బాగుండు సార్."

బర్టోక్ తిరిగాడు. "ఏంట్రా?"

"మా అమ్మ రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. వీపు మీద మా ఇంటిపేరు చూస్తానంది. మా నాన్న పేరే కదా సార్ అది. ఆయన చూడకుండానే పోయాడు."

"మీ అమ్మకి పేరు కావాలా, నీ కాలు కావాలా?"

టాలీ తల దించుకున్నాడు. "రెండూ కావాలి సార్."

బర్టోక్ ముందు వాడికేసి చూశాడు. తర్వాత నాకేసి. "విన్నావా మర్ట్? రెండూ కావాలట. ఒక ఎర్రది తీయి. పేరు కుట్టు."

"ఎర్రదాని మీద పేరా?" వైల్ ఎగిరిపడ్డాడు. "మతిపోయిందా? దెబ్బతిన్నవాణ్ణి కొనుక్కొచ్చామని మనమే ఊరంతా దండోరా వేసుకున్నట్టు!"

"కొన్నాం. వేద్దాం దండోరా. సిగ్గెందుకు? సిగ్గుపడేవాళ్లు ఏప్రిల్లో వీణ్ణి ఏరుకుని ఉండకూడదు."

"సీజను అయ్యాక నీ సంగతి చూస్తా జోల్" అన్నాడు హలోరన్.

"చూడు. అప్పటికి వీడు మలుపు తిరుగుతుంటాడు."

బయట బ్యాండు మొదలైంది. వాళ్లిద్దరూ తిట్టుకుంటూ వెళ్లారు. తలుపు వేసిన ఊపుకి కొక్కేనికి వేలాడుతున్న హెల్మెట్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

అరలోంచి కొత్త ఎర్ర జెర్సీ తీశాను. తెల్ల గుడ్డలో అక్షరాలు కత్తిరించి, వీపు మీద సూదులు గుచ్చి వరస చూసుకున్నాను. కోపంలో కుడితే దారం బిగుస్తుంది, గుడ్డ ముడుచుకుంటుంది. అందుకని పాదం కింద మిషను నెమ్మదిగా తొక్కాను. పక్కన బల్ల మీద బర్టోక్ ఆ మిగిలిన సగం కట్టు కడుతున్నాడు. మధ్యలో ఒకసారి, "అక్షరాలు పెద్దవి వెయ్యి. పైమెట్టు మీద కూర్చున్నవాళ్లకి కూడా కనపడాలి" అన్నాడు.

ఆఖరి దారం కొరికి గల్లా మీద పరిచాను. బర్టోక్ వచ్చి, ఒక్కో అక్షరం అంచునా బొటనవేలితో నొక్కి చూశాడు, మోకాలు చూసినట్టే. ముడత తగల్లేదు. జెర్సీ ఎత్తి టాలీ తల మీంచి తొడిగి, భుజాలు సర్ది, వీపు మీద ఒక్కటి చరిచాడు.

"నడిచే వెళ్లు" అన్నాడు. తలుపు తీసి పట్టుకున్నాడు.